ఊఁ కొట్టినంతసేపు

షేర్ ఆటో వెనక సీటులో ఒక మూలకు ఒదిగి, చెవుల్లో తీగలు పెట్టుకుని, రెబెకా పెదవులు కదుపుతోంది. పక్కనున్న పెద్దావిడ కాసేపు చూసి, పాపం ఏ కష్టంలో ఉందో, దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకుని, సంచీ ఒళ్ళోకి తీసుకుని కాస్త చోటిచ్చింది.

దేవుడు కాదు, మందుల దుకాణం. ఫోన్లో ఒక ఆడపిల్ల రోజుకో పాఠం చెబుతోంది. మందుల దుకాణానికి పోతే "ఇక్కడ నొప్పి" అని కొరియా భాషలో ఎలా చెప్పాలో అన్నది ఇవాళ్టి పాఠం. యొగి అపాయో. నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి ఈ మాట అంటే సరిపోతుందట. నిన్నటి పాఠం బస్సు. బస్సులో ఎవరి కాలైనా తొక్కితే "మియనే" అనాలి, పెద్దవాళ్ళయితే చివర "యో" చేర్చాలి. హనుమకొండ బస్సుల్లో కాలు తొక్కినవాడే "కాలు లోపటికి పెట్టుకోరాదు?" అని ఎదురు గదమాయిస్తాడు. ఇదేదో మర్యాదస్తుల దేశమే అనుకుంది రెబెకా.

పుస్తకం పట్టి ఇరవై ఏళ్ళు దాటిన మనిషికి ఈ చదువు యోగం పట్టడానికి కారణం యూన్ సార్. ఊరవతల టెక్స్‌టైల్ పార్కులో బట్టల ఫ్యాక్టరీకి పెద్దసారుగా వచ్చిన కొరియా ఆయన. నక్కలగుట్ట అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో ఆయనా, వాళ్ళమ్మా ఉంటారు. ఆయన పొద్దున పోతే మళ్ళీ దీపాలు పెట్టేవేళకే రావడం. ఎనభై దాటిన ఆ తల్లికి మోకాళ్ళ నొప్పులు. ఆమెను చూసుకోవడానికి రెబెకా కుదిరింది. కుదిరిన నాడే సార్ తన ఇంగ్లీషులో చెప్పాడు: "లర్న్ కొరియన్. లిటిల్ లిటిల్. అమ్మ హ్యాపీ." ఆయనకు వచ్చిన తెలుగు మాట అమ్మ ఒక్కటే.

ఆ భాషలో అవ్వను హల్మొని అంటారు. అవ్వ అని పిలిస్తే పలకలేదు గానీ, హల్మొని అనగానే ముసలామె తల తిప్పి చూసింది. అప్పటినుంచి రెబెకాకు పాఠాల మీద నమ్మకం కుదిరింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరికీ ఒక అలవాటు పడింది. హల్మొని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. రెబెకా కింద కూర్చుని, గిన్నెలో నువ్వుల నూనె కాస్త వెచ్చబెట్టి, ఆమె పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, మడమ నుంచి మోకాలి దాకా పైకి రుద్దుతుంది. మొదటిరోజు నూనె వాసనకు హల్మొని ముక్కు ఎగబీల్చి, వేలితో నాలుకకు రాసుకుని, ఆపకుండా నవ్వింది. వాళ్ళ వంటింట్లో ఇది చుక్కలు చుక్కలుగా వాడుకునే సరుకట, తర్వాత సార్ చెప్పాడు. అన్నంలో వేసుకునేదాన్ని కాళ్ళకు పూస్తున్నావే అని ఆమె నవ్వు.

పాదం ఒళ్ళోకి రాగానే హల్మొని నోరు తెరుచుకునేది. కిటికీ బయటి నీళ్ళ ట్యాంకులను చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పుకుపోయేది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా రెబెకా ఊఁ కొట్టేది. ఊఁ కొట్టడంలో మాత్రం ఆమెను మించినవాళ్ళు తనుండే మట్టెవాడలో లేరు. వింటున్నానని ఒక ఊఁ, అయ్యో అన్నట్టు దీర్ఘం తీసి ఇంకొకటి, ఆఁ నిజమా అన్నట్టు పైకి లేచేది మరొకటి. గొంతు ఎక్కడ తగ్గిందో, ఎక్కడ ఆగిందో చూసుకుని సరైనది వేసేది. కథ చెప్పేవాళ్ళకు కావలసింది అర్థం చేసుకునేవాళ్ళు కాదు, ఊఁ కొట్టేవాళ్ళు. ఊఁ ఆగితే కథ ఆగుతుంది.

హల్మొని అలసిపోతే రెబెకా అందుకునేది. ఇంటి ఓనరు రాజేశ్వరక్క నల్లా బంద్ చేసిన సంగతి, పాస్టరమ్మ కొత్త చీర సంగతి, ఒంటరి మనిషికి పావుశేరు కూర కూడా మూడు పూటలు వస్తుందన్న సంగతి, అన్నీ తెలుగులో చెప్పుకునేది. ఒక్క సంగతి మాత్రం ఈ కిటికీ దగ్గర కూడా ఎత్తలేదు. హల్మొని ఆ నీళ్ళ ట్యాంకులను చూస్తూనే వినేది, విన్నదో లేదో తెలియదు. అయినా రోజు మొత్తంలో రెబెకా గొంతు విప్పే చోటు అదొక్కటే. గదికి పోతే మాట్లాడేది ఫోన్లోని పాఠమే.

ఆ సోమవారం మధ్యాహ్నం, ఎప్పటిలా ఊఁ కొడుతూ రుద్దుతున్న రెబెకా చెయ్యి టక్కున ఆగింది. హల్మొని మాటల ప్రవాహంలోంచి ఒక మాట నిన్నటి బస్సు పాఠంలోంచి దిగినట్టు దిగింది.

"నురొంగి... మియనే. నురొంగి, మియనే."

మియనే. తప్పైంది, మన్నించు. ఆ ముందు మాట పేరై ఉండాలి. ఆలోచిస్తే ఈ రెండు మాటలూ రోజూ వింటున్నవే, చివర్లో, గొంతు బాగా తగ్గినప్పుడు. ఎవరీ నురొంగి? చనిపోయిన భర్తా? చెల్లెలా? రెబెకాకు ఒళ్ళు పులకరించింది. పరీక్ష పాసైన పిల్ల సంబరం అది. సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసింది.

యూన్ సార్ వచ్చి గుమ్మంలో ఒక బూటు విప్పాడో లేదో, హల్మొని అక్కడే కుర్చీలో ఉండగానే, రెబెకా ఆగలేకపోయింది.

"సార్, హల్మొని డైలీ నురొంగి మియనే, నురొంగి మియనే అంటది. నాకు సమజైంది సార్! హూ ఈజ్ నురొంగి?"

విప్పిన బూటు ఆయన చేతిలోనే ఉండిపోయింది. తల్లి వైపు చూశాడు. తల్లి తన ఒళ్ళోని చేతుల వైపు చూసుకుంది.

"డాగ్," అన్నాడు చివరికి. "అమ్మ డాగ్. ఐ గివ్ అవే. బిఫోర్ ఇండియా." బూటు కింద పెట్టి, "షీ సే ఓకే. షీ నెవర్ సే ఎనీథింగ్," అన్నాడు.

ఆయన తల్లి దగ్గరికి వెళ్ళి మెల్లగా ఏదో అడిగాడు. ఆమె చెయ్యి అడ్డంగా ఊపి, నవ్వు ముఖం పెట్టి, ఒక్క ముక్క అంది. పర్వాలేదు అనే ముక్క అది, రెండో పాఠంలోనిది. రెబెకా సంచీ తీసుకుంటుంటే సార్ లిఫ్టు దాకా వచ్చాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "వెరీ గుడ్, రెబెకా. యు టెల్ మీ. ఎవ్రీథింగ్ అమ్మ సే, యు టెల్ మీ," అన్నాడు. ఎంతో మేలు చేశాననుకుంటూ రెబెకా ఆటో ఎక్కింది.

మంగళవారం మధ్యాహ్నం నూనె గిన్నె తెచ్చి కింద కూర్చుంటే, పాదం ఒళ్ళోకి రాలేదు. హల్మొని రెండు కాళ్ళూ కుర్చీ కిందికి లాక్కుని, దుప్పటి కప్పుకుంది. రెబెకా నూనె గిన్నె చూపించింది, ఆమె తల అడ్డంగా ఊపింది. కోపమేమీ లేదు ముఖంలో. రెబెకాకు దానికే ఎక్కువ భయం వేసింది.

"పాప్ మొగొస్సొయో?" అంది రెబెకా, అన్నం తిన్నారా అని. ఎదురుగా తనే పెట్టింది, తనే గిన్నె కడిగింది, అయినా అడిగింది. ఆమె తల ఆడించింది. "ముల్?" నీళ్ళు కావాలా? వద్దు. అంతే. నూనె గిన్నెలోనే చల్లారిపోయింది. గోడ గడియారం చప్పుడు ఆ ఇంట్లో అంత గట్టిగా వినిపిస్తుందని రెబెకాకు ఆ రోజే తెలిసింది.

బుధవారమూ అంతే. పిలిస్తే పలుకుతుంది, పెడితే తింటుంది, స్నానానికి చేతులు ఎత్తమంటే ఎత్తుతుంది. మాట మాత్రం లేదు. సాయంత్రం సార్ వచ్చి, "టుడే అమ్మ వాట్ సే?" అని అడిగాడు.

"నథింగ్ సార్."

"నథింగ్?" ఆయన నమ్మలేనట్టు చూశాడు.

ఇల్లు చేరేసరికి రాజేశ్వరి కింద తమ ఇత్తడి సామాన్ల దుకాణం ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. "ఏందే రెబెకా, మొఖం గట్ల గుంజుకపోయింది? మీ కొరియా అవ్వకు మంచిగ లేదా?"

రెబెకా నోరు తెరవబోయి, ఆగింది. ఈ స్టూలు పక్కనే, పోయిన ఎండాకాలంలో, తను పెంచిన ఏంజెల్ గురించి ఒక్క మాట జారింది. 'పిల్ల పోయినంక అన్నం సయిస్తలేదక్కా' అని, అంతే. వారం తిరగకముందే కాజీపేట నుంచి అక్క సుశీల ఫోను: "నా బిడ్డను నేను తీస్కపోతే, నేనేదో గుంజుకపోయినట్టు ఊరంత చాటుతానవట!" రాజేశ్వరి చెడు తలచి చెప్పింది కాదు. అక్కాచెల్లెళ్ళను కలపాలనే చెప్పింది. ఆమె కూడా ఎంతో మేలు చేశాననుకునే ఉంటుంది.

"మంచిగనే ఉన్నదక్కా," అని రెబెకా మెట్లెక్కింది. నాలుగు మెట్లెక్కాక కాళ్ళు ఆగిపోయాయి. ఇంతకాలం ఆ ముసలామె చెప్పుకున్నది తనకు అర్థం కాదనే గదా. గోడకు చెప్పుకున్నట్టు, నూతిలోకి చెప్పుకున్నట్టు చెప్పుకుంది. ఆ నూయి ఒకనాడు లేచి పోయి కొడుకుకు చాడీ చెప్పింది. సిగ్గుతో రెబెకాకు చెవులు వేడెక్కాయి. ఆ పూట పాఠం వినబుద్ధి కాలేదు.

గురువారం సార్ తొందరగా వచ్చాడు. తల్లిని పలకరించి, వంటింటి గుమ్మంలో నిలబడి, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. హైదరాబాదులో ఒక ఏజెన్సీ ఉంది. అక్కడ కొరియా భాష బాగా వచ్చిన ఆమె ఒకరు దొరికింది. అమ్మ మనసులో ఏముందో ఆమె కనుక్కుని తనకు చెబుతుంది. "యు గుడ్ పర్సన్, రెబెకా. బట్ అమ్మ నాట్ టాకింగ్. సాటర్డే ఐ డిసైడ్." చెడ్డవాడేమీ కాదు. గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు మరుగుతుంటే మంట తగ్గించి మరీ చెప్పాడు.

జీతం పోతుందన్న ఫికర్ లేకపోలేదు. దవాఖానల్లో ఆయాలకు ఎప్పుడూ పని ఉంటుంది, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కిటికీ దగ్గర ఆ కుర్చీ, ఆ పాదం ఒళ్ళో బరువు, అవి ఎక్కడ దొరుకుతాయి? తనతో మాట్లాడే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే అని, అదీ ఏం మాట్లాడుతుందో తెలియని మనిషి అని తలుచుకుంటే, రెబెకాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

శుక్రవారం మధ్యాహ్నం రెబెకా నూనె వెచ్చబెట్టింది గానీ గిన్నెను దూరంగా పెట్టింది. పాదం అడగలేదు. కుర్చీ పక్కన గోడకు ఆనుకుని, తనూ ఆ నీళ్ళ ట్యాంకుల వైపే తిరిగి కూర్చుంది. తనకు వచ్చిన పాఠాలన్నీ మనసులో తిరగేసింది. బస్సు, హోటలు, దుకాణం, మందులు. కావలసిన పాఠం వాటిలో లేదు. ఉన్నవాటితోనే సర్దుకోవాలి.

"హల్మొని. త్తాల్ ఇస్సొయో." కూతురు ఉంది. "చిగుం ఒప్సొయో." ఇప్పుడు లేదు. దుకాణంలో పాల గురించి నేర్పిన వాక్యాలవి.

హల్మొని తల తిరిగింది. ముఖంలో భయం. ఏదో ఒక్క మాట అడిగింది. ఆ మాట రెబెకాకు తెలియదు, కానీ ఆ ముఖంతో అడిగే ప్రశ్న ఏ దేశంలోనైనా ఒక్కటే.

"అనియో, అనియో," అని రెబెకా రెండు చేతులూ ఊపింది, కాదు కాదు, చనిపోలేదని. "ఒన్ని చిబె ఇస్సొయో." అక్క ఇంట్లో ఉంది. తర్వాత ఇంకేం చెప్పాలో తోచలేదు. మందుల దుకాణం పాఠంలో ఆ పిల్ల నుదురు చూపించింది, కడుపు చూపించింది. రెబెకా అరచెయ్యి తీసి రొమ్ము మీద పెట్టుకుంది.

"యొగి అపాయో."

దానితో ఆమెకు వచ్చిన కొరియా భాష అయిపోయింది. మాట మాత్రం అయిపోలేదు. అది తెలుగులో వచ్చింది.

"మా అక్క బిడ్డ, హల్మొని. మూడేండ్ల పిల్లప్పుడు నా చేతుల పెట్టింది, బొంబాయి పోతానమని. నేనే సాదిన. జడలు, బడి, జ్వరాలు, అన్ని నేనే. పదో తరగతి కాంగనే తిరిగొచ్చి నా బిడ్డ నాకు గావాలె అన్నది. ఆమె బిడ్డనే గదా. ఎవ్వలనడిగినా గదే అంటరు. నన్ను మాత్రం ఎవ్వలు అడగలే." మళ్ళీ అందుకుంది. "పోయేనాడు ఆటో ఎక్కినంక పిల్ల మర్లి చూసిందట. రాజేశ్వరక్క చెప్పింది. నేను తలుపుకాడ లేను. ఏడుస్తనని లోపటికి పోయిన. పిల్ల చూసేవరకు తలుపుకాడ ఎవ్వలు లేరు. కాజీపేట ఎంత దూరం హల్మొని? అర్ధగంట. అక్క ఏమంటదోనని ఇంతవరకు పోలే. పిల్ల నన్ను ఏమనుకుంటాందో." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. గోడకు తల ఆనించి, చాలా మెల్లగా అంది:

"ఏంజెల్... మియనే."

గదిలో గడియారం కొట్టుకుంటోంది. కుర్చీలో దుప్పటి కదిలింది. పైనుంచి ముక్కుతో కలిసిన గొంతు ఒకటి, మెత్తగా, దీర్ఘం తీసి వచ్చింది.

"ఉంగ్..."

ఊఁ అన్నమాట. ఆ దేశంలో అట్లా అంటారు గాబోలు. సరైనచోట, సరైనంత దీర్ఘంతో పడ్డ ఊఁ. ఎన్నేళ్ళయింది తనకు ఒకరు ఊఁ కొట్టి! రెబెకా అప్పుడు ఏడ్చింది. ఏడుస్తుండగానే ఒళ్ళోకి ఒక పాదం వచ్చింది, ఎండి, చల్లగా, మడమ పగిలి.

నూనె మళ్ళీ వెచ్చబెట్టాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నం హల్మొని చెప్పిన కథలో రెబెకాకు అక్కడొకటి ఇక్కడొకటి తెలిసిన మాటలు తగిలాయి. ఇల్లు. కారు. నురొంగి. చెయ్యి మెడ దగ్గర పెట్టి తాడు చూపించింది. తర్వాత మెడ తిప్పి, వెనక్కి, చాలాసేపు చూసింది. రెబెకా అర్థమైనచోటా ఊఁ కొట్టింది, కానిచోటా కొట్టింది. రెండింటికీ తేడా తెలియనివ్వలేదు.

శనివారం సాయంత్రం తలుపు తీయగానే యూన్ సార్ తల్లి ముఖం చూశాడు. చూసి, ఆగి, మళ్ళీ చూశాడు. కిటికీ దగ్గర ఆమె ఆరెంజి తొనలు వలుస్తూ, కొడుకును చూసి ఒకటి పైకెత్తి చూపించింది.

"అమ్మ టాకింగ్?" అన్నాడు ఆశగా.

"ఎస్ సార్. మస్తు మాట్లాడింది. నిన్న, ఇయ్యాల."

"వాట్? వాట్ షీ సే?"

హైదరాబాదు ఆమె సంగతి ఆయన మర్చిపోలేదని రెబెకాకు తెలుసు. ఇల్లు, కారు, తాడు, వెనక్కి చూసిన చూపు, నాలుగు ముక్కలు చెబితే చాలు, కొలువు నిలబడుతుంది, ఆ కుర్చీ పక్కన చోటు నిలబడుతుంది. హల్మొని చేతిలో తొన ఆగిపోయింది. తల దించుకునే చెవులు ఇటు పెట్టి ఉంది.

"హంగుంగ్మల్ మొల్లాయో," అంది రెబెకా. నాకు కొరియా భాష రాదు. అది అన్నిటికన్నా మొదటి పాఠం, ఒక్క తప్పు లేకుండా వచ్చింది.

సార్ బిత్తరపోయాడు. "బట్ యు లర్న్..."

"పాప్, ముల్, బస్సు, దుకాణం. గంతే సార్. అమ్మ మాట నాకు తెల్వదు."

"దెన్ హు విల్ టెల్ మీ?" ఆ ప్రశ్నలో కోపం లేదు. దారి తప్పిన మనిషి అడిగినట్టుంది.

తల్లి మాట తెలుసుకోవడానికి, అదీ తన సొంత భాషలో, ఈయనకు దుబాసీ కావాలా అని రెబెకాకు నోటిదాకా వచ్చింది. పెద్దమనిషి, అట్లా అనకూడదు. ఆమె వంటింట్లోంచి నూనె గిన్నె తెచ్చింది. కుర్చీ ముందు, రోజూ తను కూర్చునే చోట పెట్టింది. "సిట్, సార్," అని నేల చూపించింది. ఆయన గిన్నెను చూశాడు, నేలను చూశాడు, తల్లిని చూశాడు. ఆఫీసు ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, ఇబ్బంది పడుతూ, కింద కూర్చున్నాడు. హల్మొని కాసేపు కొడుకు నడినెత్తిని చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఒక కాలు ముందుకు చాపింది.

రెబెకా సంచీ తీసుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. ఒక చెప్పు తొడుక్కుంటుండగా వెనక ముసలి గొంతు మొదలైంది, మెల్లగా, తడబడుతూ. రెండు వాక్యాలు చెప్పి ఆగింది. అక్కడ ఊఁ పడాలి. పడలేదు. రెబెకా గొంతులోకి వచ్చేసింది అది, పళ్ళు బిగించి ఆపుకుంది. ఇది తనది కాదు. హల్మొని ఎదురు చూస్తోంది. చూస్తోంది.

"ఉంగ్," అన్నాడు యూన్ సార్.

కథ సాగింది. రెబెకా చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, రెండో చెప్పు బయట తొడుక్కుంది.

కింద వాచ్‌మన్ మొగిలయ్య మోటరు ఆపుతున్నాడు. "ఏందమ్మా, ఇయ్యాల జల్ది పోతానవ్?"

"ఇయ్యాల నాతోని పనిలేదన్నా."

"మల్ల సోమవారం వస్తవు గదా?"

"పిలిస్తే వస్త," అంది రెబెకా. పిలుస్తారో లేదో ఆమెకు నిజంగా తెలియదు.

రోడ్డు మీద మట్టెవాడ వైపు పోయే ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు రమ్మని తల ఊపాడు. రెబెకా ఒక కాలు ముందుకు వేసి, వెనక్కి తీసుకుంది. రోడ్డు దాటి అవతలి వైపు నిలబడి, వచ్చిన ఆటోను ఆపింది.

"కాజీపేట పోతదా?"

వెనక సీటులో మూలకు ఒదిగి కూర్చుంది. ఫోను సంచీలోనే ఉంది. పాఠం పెట్టుకోలేదు. తలుపు తీసేది అక్కే అయితే ఏమనాలి, పిల్ల అయితే ఏమనాలి? అక్క ముఖం మీదే తలుపేస్తే? అవన్నీ తర్వాత. ముందు ఒక్క వాక్యం కావాలి, అందరూ రోజూ అనుకునేది, ఎవరూ తప్పుపట్టలేనిది. తిన్నవా బిడ్డా? బిడ్డా అనవచ్చో లేదో. తిన్నవా ఏంజెల్? ఆమె పెదవులు కదులుతున్నాయి. పక్కన కూర్చున్న ముసలాయన అది చూసి, ప్రార్థన కాబోలు అనుకుని, కాళ్ళు కాస్త పక్కకు జరుపుకున్నాడు.